పాత మైక్రోస్కోప్ కొని ల్యాబ్‌లో నిలబెట్టుకున్న నా అనుభవం

సొంతంగా చిన్న ల్యాబ్ పెడదామనుకున్నాక నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మైక్రోస్కోప్ ఎంపికే. బ్లడ్ స్మియర్ (గాజు స్లయిడ్ మీద పలచగా పూసి రంగు వేసిన రక్తం) చూసి రిపోర్టు మీద సంతకం పెట్టేది నేను. కంటికి కనిపిస్తున్నదాని మీద నాకే నమ్మకం లేకపోతే ఆ సంతకానికి విలువేముంది? నా బడ్జెట్‌కి కొత్తదైతే నాసిరకంది, వాడినదైతే పేరున్న కంపెనీది వచ్చేలా ఉంది. వాడినదానివైపే మొగ్గాను.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నదే. "రెండు వేల రెట్లండీ" అని ఒకాయన గట్టిగా చెప్పారు. నేను ఆ లెక్క పక్కనపెట్టి ఆబ్జెక్టివ్ (స్లయిడ్ వైపు ఉండే లెన్స్) మీద చెక్కిన అంకెలు చదివాను. 40/0.65, 160/0.17 అని ఉందనుకోండి. 40 అంటే ఎన్ని రెట్లన్నది. 0.65 న్యూమరికల్ అపర్చర్, అంటే లెన్స్ ఎంత వెడల్పు కోణం నుంచి వెలుతురు పోగుచేస్తుందో చెప్పే అంకె. 160 ట్యూబ్ పొడవు, అంటే ఆబ్జెక్టివ్‌కీ కన్ను పెట్టి చూసే ఐపీస్‌కీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. 0.17 కవర్‌స్లిప్ (స్లయిడ్ పైన కప్పే పలచని గాజు) మందం, అదీ మిల్లీమీటర్లలోనే. వీటిలో అసలు చూడాల్సింది న్యూమరికల్ అపర్చర్. ఎర్నెస్ట్ ఆబే 1873లోనే తేల్చిన విషయం ఇది: ఎంత సన్నని వివరం విడివిడిగా కనిపిస్తుందో నిర్ణయించేది కాంతి తరంగదైర్ఘ్యం, ఈ అపర్చర్. లెన్స్‌కీ స్లయిడ్‌కీ మధ్య నూనె చుక్క వేసి వాడే, 1.25 అపర్చర్ ఉన్న ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో 550 నానోమీటర్ల పచ్చ వెలుతురులో దాదాపు 220 నానోమీటర్ల దగ్గర ఆగిపోతాం, అంతకన్నా దగ్గరగా ఉన్నవి విడివిడిగా కనిపించవు. అపర్చర్‌కి వెయ్యి రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్తగా ఏమీ కనిపించదు. అంటే ఈ ఆబ్జెక్టివ్‌కి 1250 రెట్లు చాలు. రెండు వేలు ఎందుకూ పనికిరావు.

తర్వాత చూసింది బాడీ, ఆబ్జెక్టివ్‌లు, ఐపీసులు అన్నీ ఒకే జాతివా కాదా అని. పాతవాటిలో ఎక్కువ 160 మి.మీ. ట్యూబ్‌వి, కొత్తవాటి మీద ∞ (ఇన్ఫినిటీ) గుర్తు ఉంటుంది. మర చాలావాటికి ఒకటే కాబట్టి దేన్నైనా దేనికైనా బిగించేయొచ్చు, కానీ బొమ్మ సరిగ్గా రాదు. ఇన్ఫినిటీ వాటిలోనూ కంపెనీకో లెక్క ఉంది. బాడీలోనే ఉండి బొమ్మని తయారుచేసే ట్యూబ్ లెన్స్ ఫోకల్ దూరం నికాన్, లైకాలకి 200 మి.మీ., ఒలింపస్‌కి 180, జైస్‌కి 165. పాతరోజుల్లో కొన్ని కంపెనీలు రంగుల దోషం (వస్తువుల అంచుల్లో రంగులు కనిపించడం) సవరణలో కొంత ఐపీస్‌కి వదిలేసేవి, కాబట్టి ఐపీసులు కూడా ఆ కంపెనీవే ఉండాలి. బాడీ ఇన్ఫినిటీది, ఒక ఆబ్జెక్టివ్ మాత్రం 160ది ఉన్న యంత్రం ఒకటి చూశాను. తళతళలాడుతోంది. అయినా వద్దనేశాను.

చివరికి నచ్చినదాన్ని పరీక్షించడానికి నా స్మియర్ స్లయిడ్లు నేనే పట్టుకెళ్లాను. ఎవరు కొన్నా ఇలాగే చేయాలంటాను. ఆయన దగ్గరుండే స్లయిడ్ ఎలా కనిపించాలో మనకు తెలియదు, మనది మనకు తెలుసు. ముందు ఐపీస్ తీసి తలకిందులుగా పట్టుకుని, దాన్నే భూతద్దంలా వాడి ఆబ్జెక్టివ్‌ల ముందు లెన్సులు చూశాను. 40ఎక్స్ మీద ఎండిపోయిన ఆయిల్ ఉండటం చాలా మామూలు. లోపల ఫంగస్ దారాల్లా పాకిందా, లెన్సుల జిగురు విడిపోయిందా అని టార్చి వేసి చూశాను. 100ఎక్స్‌లో ఎర్రకణాల మీద ఫోకస్ పెట్టి కాసేపు అలాగే వదిలేశాను. స్లయిడ్ పెట్టే స్టేజ్ కిందికి జారలేదు. ఫైన్ ఫోకస్ మెత్తగా తిరుగుతోంది, గ్రీజు గట్టిపడలేదు. రెండు కళ్లకూ బొమ్మ ఒక్కటిగానే కలుస్తోంది. ఇది కుదరకపోతే సాయంత్రానికి తలనొప్పే.

100ఎక్స్‌లో అంత బాగున్న స్మియర్ 40ఎక్స్‌లో మాత్రం పొగ పట్టినట్టు కనిపించింది. అమ్మే ఆయన మొహం వాడిపోయింది. "ఈ ఆబ్జెక్టివ్ పోయినట్టుందండీ, మార్చి ఇస్తాను" అన్నారు. స్మియర్ మీద ఒక చుక్క ఆయిల్ వేసి, దానిపై కవర్‌స్లిప్ పెట్టి మళ్లీ చూడమన్నాను. తెల్లకణం న్యూక్లియస్ అంచులు స్పష్టంగా వచ్చాయి. ఆ 40ఎక్స్ 0.17 మి.మీ. గాజు కోసం చేసింది, మన స్మియర్ మీద గాజు ఉండదు. అందుకే ఆ మసక. మంచి ఆబ్జెక్టివ్‌లు ఈ కారణంతో ఎన్ని మూల పడ్డాయో అనిపించి నిజంగా బాధ కలిగింది.

బేరం త్వరగానే తెగింది. ఫలానా గడువులోపు తిరిగి ఇవ్వొచ్చని కాగితం మీద రాయించుకున్నాను, అదనంగా బల్బులు అడిగి తీసుకున్నాను.

ల్యాబ్‌కి తెచ్చాక వెలుతురు సరిచేయడానికే ఎక్కువ సమయం పెట్టాను. ఆగస్ట్ కోలర్ 1893లో చెప్పిన పద్ధతి ఇది. స్లయిడ్‌ని ఫోకస్ చేసి, కింద బల్బు దగ్గర ఉన్న ఫీల్డ్ డయాఫ్రం (వెలుతురుని పెంచే, తగ్గించే రంధ్రం) మూసేయాలి. దాని అంచు పదునుగా కనిపించేదాకా, స్లయిడ్ కింద వెలుతురుని పోగుచేసే కండెన్సర్‌ని పైకీ కిందికీ జరపాలి. మరలతో ఆ వెలుతురు వలయాన్ని మధ్యకి తెచ్చి, చూపుకి అందకుండా పోయేవరకు తెరవాలి. ఆపైన ఒక ఐపీస్ తీసి ట్యూబ్‌లోకి చూస్తూ, కండెన్సర్ డయాఫ్రం లెన్స్‌లో డెబ్బై, ఎనభై శాతం వెలుగుండేలా పెట్టాలి. వెలుతురు ఎక్కువైతే బల్బు తగ్గించాలి. చాలామంది దానికి బదులు డయాఫ్రం మూసేస్తారు, లేదా కండెన్సర్ దించేస్తారు. దాంతో ఏరికోరి కొన్న అపర్చర్ అంతా వృథా. యూరిన్ సెడిమెంట్ (మూత్రంలో అడుగున చేరే పదార్థం) దగ్గర మాత్రం డయాఫ్రం కొంచెం ఎక్కువ మూస్తాను, లేకపోతే హయలైన్ కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో ఏర్పడే పారదర్శకమైన అచ్చులు) కనపడవు.

కొలతలకి స్టేజ్ మైక్రోమీటర్ వాడాను. ఒక మిల్లీమీటర్‌ని 100 భాగాలు చేసిన గాజు స్కేలు అది, ఒక్కో గీతకి 10 మైక్రాన్లు. ఐపీస్ స్కేల్లో 100 గీతలు దాని మీద 25 గీతలతో సరిపోతే ఐపీస్ గీత ఒక్కోటి 2.5 మైక్రాన్లన్నమాట. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా లెక్కగట్టి ఆ పట్టిక యంత్రం పక్కనే అంటించాను. మామూలు ఎర్రకణం ఏడెనిమిది మైక్రాన్లు వస్తోంది. ఇక కావాల్సింది ఫేజ్ కాంట్రాస్ట్. ఫ్రిట్స్ జెర్నికేకి 1953లో నోబెల్ తెచ్చిపెట్టిన ఆ పద్ధతిలో రంగు వేయని కాస్ట్‌లు కూడా తేటగా కనిపిస్తాయి. నా బాడీకి సరిపోయే ఆబ్జెక్టివ్, కండెన్సర్ రింగు అదే కంపెనీవి ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతున్నాను.