ఇలియన్ తుపాకుల ఫ్యాక్టరీ ఎందుకు మూతపడింది?

2024 మార్చి మొదటి వారంలో న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని రెమింగ్టన్ తుపాకుల ఫ్యాక్టరీ మూతపడింది. 1828 నుంచి ఆ ఊళ్లోనే నడిచిన ఫ్యాక్టరీ అది. చివరికి మిగిలిన సుమారు 270 మంది కార్మికులు ఉపాధి కోల్పోయారు. ఆ వార్తను మా తెలుగు మిత్రుల వాట్సాప్ బృందంలో పెడితే, “మంచిదే కదా, తుపాకులు చేసే చోటు ఒకటి తగ్గింది” అన్నారు కొందరు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన తరువాత, ఈ దేశంలో తుపాకి పేరు వింటేనే మనకు కడుపు రగిలిపోతుంది. తుపాకుల మీద కట్టడి ఉండాలని నేను కూడా గట్టిగా నమ్ముతాను.

కానీ నేను ఉండేది యూటికాలో. ఇలియన్ ఇక్కడికి కారులో ఇరవై నిమిషాలు. మా వర్క్‌షాపులో నా పక్క లేత్ మీద పనిచేసే పెద్దాయన చాలా ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో తుపాకి గొట్టాల వంపు సరిచేశారు. గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి, లోపలి గోడ మీద పడే నీడ గీతను చూసి, ఎక్కడ వెంట్రుకవాసి వంపు ఉందో కనిపెట్టే పని. వాళ్ల నాన్న, తాత కూడా అక్కడే పనిచేశారు. నేను కాగజ్‌నగర్‌లో పుట్టాను. 2014లో కాగితం మిల్లు ఆగిపోయి, 2018లో మళ్లీ నడిచేదాకా ఊరంతా ఎలా బతికిందో చూశాను. ఒకే ఫ్యాక్టరీని నమ్ముకున్న ఊరికి తాళం పడితే, అక్కడ తయారయ్యేది కాగితమా తుపాకా అని కిరాణా కొట్టువాడు అడగడు. అందుకే “మంచిదే కదా” అన్న మాట నాకు గుచ్చుకుంది.

అసలు ప్రశ్నకు వస్తాను. తుపాకుల చట్టమే ఆ ఉద్యోగాలను తరిమేసిందా?

2012 డిసెంబరు 14న కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. హంతకుడు వాడిన బుష్‌మాస్టర్ రైఫిల్ రెమింగ్టన్ గ్రూపుదే. నెల తిరిగిందో లేదో, 2013 జనవరి 15న న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో తుపాకుల కట్టడికి తెచ్చిన సేఫ్ యాక్ట్ మీద సంతకం చేశారు. అసాల్ట్ రైఫిళ్ల (సైనిక తరహా తుపాకుల) నిర్వచనాన్ని ఆ చట్టం బాగా విస్తరించింది, వాటి అమ్మకాన్ని రాష్ట్రంలో ఆపింది. అయితే వేరే రాష్ట్రాల కోసం వాటిని తయారుచేయడాన్ని ఆపలేదు. ఇలియన్‌లో బుష్‌మాస్టర్ తయారీ ఆ తరువాత కూడా సాగింది.

2014 ఫిబ్రవరిలో అలబామాలోని హంట్స్‌విల్‌లో కొత్త ఫ్యాక్టరీ పెడుతున్నట్టు రెమింగ్టన్ ప్రకటించింది. దాదాపు రెండు వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. అలబామా రాష్ట్రం, స్థానిక సంస్థలు కలిసి సుమారు 7 కోట్ల డాలర్ల రాయితీలు ఇచ్చాయి. ఆ ఏడాదే బుష్‌మాస్టర్ తయారీ ఇలియన్ నుంచి వెళ్లిపోయింది, వంద మందికి పైగా పని పోయింది. “చెప్పామా, లేదా? చట్టం వచ్చింది, ఉద్యోగాలు పోయాయి” అన్నారు చట్టాన్ని వ్యతిరేకించినవాళ్లు. ఈ మాట ఇక్కడ ఎంత లోతుగా నాటుకుందంటే, సేఫ్ యాక్ట్‌ను రద్దు చేయాలనే బోర్డులు ఇళ్ల ముందు పచ్చికలో ఏళ్ల తరబడి కనిపించాయి.

కానీ హంట్స్‌విల్‌కు తరలిపోయినవి ఇలియన్ ఉద్యోగాలు మాత్రమే కావు. అదే ఊపులో జార్జియాలోని లారెన్స్‌విల్, నార్త్ కరోలినాలోని పైన్‌విల్, మోంటానాలోని కాలిస్పెల్, యూటాలోని వెస్ట్ జోర్డాన్‌లలో ఉన్న ఆ గ్రూపు యూనిట్లను కూడా ఎత్తేసి అక్కడికి చేర్చారు. వీటిలో ఏ రాష్ట్రంలోనూ న్యూయార్క్ లాంటి చట్టం లేదు. మోంటానాలో తుపాకి లేని ఇల్లు వెతుక్కోవాలి! అక్కడి కార్మికులను ఏ గవర్నర్ సంతకం ఇంటికి పంపింది?

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. బుష్‌మాస్టర్‌ది మొదట మెయిన్ రాష్ట్రంలోని విండమ్. 2011లో ఆ ఫ్యాక్టరీని మూసేసి పనిని ఇలియన్‌కు తెచ్చారు. ఆ రోజుల్లోనే కనెటికట్‌లోని మార్లిన్ తుపాకుల ఫ్యాక్టరీకీ అదే గతి పట్టింది, ఆ పని కూడా ఇలియన్‌కే వచ్చింది. అప్పుడు ఇలియన్‌లో సంబరం, ఆ ఊళ్లలో ఏడుపు. ఏ కొత్త చట్టమూ లేకుండానే ఇదంతా జరిగింది. కొన్న కంపెనీలన్నిటినీ ఒక చోటికి కుదించి ఖర్చు తగ్గించుకోవడం యాజమాన్యం పద్ధతి. దారిలో ఏ చట్టం కనిపిస్తే దాన్ని సాకుగా చూపింది.

ఆ యాజమాన్యం సెర్బెరస్ అనే న్యూయార్క్ నగరపు పెట్టుబడి సంస్థ. 2007లో రెమింగ్టన్‌ను కొన్నది. 2018లో కంపెనీ దివాలా పిటిషన్ వేసేనాటికి అప్పు దాదాపు 95 కోట్ల డాలర్లు. ట్రంప్ గెలిచిన 2016 ఎన్నికల తరువాత, కట్టడులు వస్తాయన్న భయం పోవడంతో దేశమంతటా తుపాకుల అమ్మకాలు పడిపోయాయి. ఈ వ్యాపారంలో చట్టం వస్తుందన్న భయమే గిరాకీ. చట్టం రాదన్న ధీమా వచ్చిందా, దుకాణంలో సరుకు కదలదు. ఫ్యాక్టరీ మనుషులకు ఈ సంగతి రాజకీయ నాయకుల కన్నా బాగా తెలుసు. ఒక ఏడాది మూడు షిఫ్టులు, మరుసటి ఏడాది ఇంటికి పొమ్మనే కాగితం.

2020లో కరోనా వచ్చింది. తుపాకి కొనేవాళ్ల నేపథ్య తనిఖీలు ఆ ఏడాది దాదాపు 4 కోట్లకు చేరాయి, అంతకు ముందెన్నడూ లేని సంఖ్య. చరిత్రలోనే అతి పెద్ద గిరాకీ ఉన్న ఆ ఏడాదే రెమింగ్టన్ రెండోసారి దివాలా తీసింది. అక్టోబరులో ఇలియన్‌లో 585 మందిని తీసేశారు. దీన్ని సేఫ్ యాక్ట్ ఖాతాలో ఎలా వేస్తారు? హంట్స్‌విల్ ఫ్యాక్టరీకి కూడా అదే గతి పట్టింది. రెండు వేల ఉద్యోగాలు అక్కడ ఏనాడూ రాలేదు.

అలాగని చట్టానికి ఏ ప్రభావమూ లేదని చెప్పను. అలా చెబితే అది కూడా అబద్ధమే. కొలరాడోలో 2013లో మ్యాగజైన్‌కు (తుపాకిలో తూటాలు నింపే డబ్బాకు) 15 తూటాలకు మించకూడదని చట్టం చేశారు. మ్యాగజైన్లు చేసే మ్యాగ్‌పుల్ కంపెనీ చెప్పినట్టే వయోమింగ్‌కు, టెక్సస్‌కు వెళ్లిపోయింది. ఆ చట్టాన్ని సమర్థించిన ఇద్దరు రాష్ట్ర సెనేటర్లను, సెనేట్ అధ్యక్షుడు జాన్ మోర్స్‌తో సహా, అదే ఏడాది సెప్టెంబరులో ఓటర్లు పదవి నుంచి దింపేశారు. 2021లో స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి టెనెసీకి మారుస్తున్నట్టు ప్రకటించింది. మసాచుసెట్స్‌లో చర్చలో ఉన్న బిల్లు కొన్ని రకాల తుపాకుల తయారీనే నిషేధించేది. అయిదు వందలకు పైగా ఉద్యోగాలు దానితో పాటు వెళ్లాయి. తయారీని ఆపే చట్టానికీ అమ్మకాన్ని ఆపే చట్టానికీ తేడా ఉంది. వార్తల్లో ఆ తేడా కనబడదు.

ఇదే స్మిత్ అండ్ వెసన్ 2000 మార్చిలో క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కొన్ని భద్రతా నియమాలకు ఒప్పుకున్నది. దానికి కోపగించి కొనుగోలుదారులు కంపెనీని బహిష్కరించారు. 1987లో 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న బ్రిటిష్ యజమాని 2001లో దాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు వదిలించుకున్నాడు. అప్పటి నుంచి ఏ తుపాకుల కంపెనీ అయినా కట్టడి ఉన్న రాష్ట్రంలో నోరు మూసుకుని ఉండాలంటే భయపడుతుంది. వెళ్లిపోతున్నామని గట్టిగా చెప్పడమే వాళ్లకు లాభం.

2023 నవంబరులో ఇలియన్ కార్మిక సంఘానికి వచ్చిన లేఖ కూడా ఆ తీరులోనే ఉంది. తుపాకుల పరిశ్రమను ఆదరించే జార్జియాకు పోతున్నామన్నారు 2020 దివాలా తరువాత ఫ్యాక్టరీని కొన్న కొత్త యజమానులు. 2014లో లారెన్స్‌విల్ కార్మికులను వదిలేసిన పేరు కిందే, మళ్లీ జార్జియాకు! సంఘం మాత్రం యునైటెడ్ మైన్ వర్కర్స్, గని కార్మికులది. ఒకప్పుడు డెమోక్రాట్లకు కంచుకోటలైన ఇలాంటి సంఘాలున్న హెర్కిమర్ కౌంటీలో (ఇలియన్ ఉన్నది ఇందులోనే) ఇప్పుడు ట్రంప్‌కు అరవై శాతం పైనే ఓట్లు పడుతున్నాయి. ఇలియన్‌లో ఊరి పాలక సంస్థే కరెంటు, నీళ్లు అమ్ముతుంది. అతి పెద్ద ఖాతాదారు పోతే ఆ లోటు మిగిలిన ఇళ్ల బిల్లుల మీదే పడుతుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. పిల్లల ప్రాణాల కోసం చట్టం చేసిన రాష్ట్రం, ఆ రోజే ఇలియన్ గురించి కూడా ఆలోచించాల్సింది. వెంట్రుకవాసి వంపును కంటితో పట్టే మనుషులకు వైద్య పరికరాలు, విమాన భాగాలు చేసే పని చూపించడం అసాధ్యమేమీ కాదు. మా వర్క్‌షాపులో అలాంటివారు ఉన్నారు. వాళ్లంతట వాళ్లు వెతుక్కుని వచ్చారు. చట్టం మేలు రాష్ట్రమంతటికీ, దాని ఖర్చు ఇలియన్ ఉన్న ఒక్క లోయకూ అంటే ఆ లోయ ఓటు ఎటు పోతుందో ముందే తెలియాలి.

అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మన తెలుగువారికి ఒక మాట. మీ రాష్ట్రంలో లాగ్రేంజ్‌లో రెమింగ్టన్ 10 కోట్ల డాలర్లు పెట్టి 856 ఉద్యోగాలు ఇస్తానని 2021లో మాట ఇచ్చింది. మీరు పన్నులు కడుతున్నారు. ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో, ఎంత రాయితీ పోయిందో మీ ప్రతినిధిని ఏటా అడగండి. హంట్స్‌విల్‌లో ఆ లెక్క అడగడం మొదలయ్యేసరికి చాలా ఆలస్యమైంది.