జరంత బిగియ్యి, బిడ్డా

మన బడి సంచికకు ఏదైనా రాయమని ఫోన్ వచ్చినప్పుడు సార్ల గురించి రాద్దామనుకున్నాను. వాళ్ల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం మన బడి జెండా పైపు గుర్తొచ్చింది.

తొమ్మిదో తరగతిలో, పంద్రాగస్టుకు వారం ముందు, దానికి రంగు వేసే పని మా నలుగురికి పడింది. గద్దె మీద రెండు ఇనుప చానెళ్ల మధ్య నిలబెట్టిన పైపు. పై బోల్టు తీస్తే కింది బోల్టు మీద వాలుతుంది. కానీ అది కదిలితే కదా! పానాకు పొడుగు గొట్టం తొడిగి నలుగురం వేలాడాం. బోల్టు తల పుటుక్కున విరిగింది, నేను వెల్లకిలా పడ్డాను. పీఈటీ సార్ ఏమన్నారో సంచికలో రాయలేను.

మర్నాడు మా దోస్తు వాళ్ల నాయన వచ్చారు. కాజీపేట రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. విరిగిన బోల్టును బయటికి కొట్టి, పైపును వాల్చి, కొనకున్న గిరక దగ్గర కూర్చున్నారు. నట్టు ఎర్రగా తుప్పు ముద్ద. ఆయన పానా ముట్టనే లేదు. వైరు బ్రష్షుతో రుద్ది, గ్యాస్‌నూనె (కిరోసిన్) పోసి, గుడ్డ చుట్టి ఇంటికి వెళ్లిపోయారు. మాకు టెన్షన్. తెల్లారి వచ్చి నట్టు చుట్టూ సుత్తెతో చిన్నగా తట్టి, పానా నా చేతికిచ్చారు.

"ఇప్పద్దు బిడ్డా, ముందు జరంత బిగియ్యి. చిలుం పగిలినంక అదే ఎన్కకొస్తది."

ఇనుము చిలుమైతే ఉబ్బి నట్టు మరల మధ్య సందులన్నీ నింపేస్తుందట. కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పుతూ పోతే వచ్చేసింది.

చాలా ఏళ్లకు హైదరాబాద్‌లో ఒక మిత్రుడు విశాఖ నుంచి పాత తెరచాప పడవ కొనితెచ్చి, హుస్సేన్‌సాగర్‌లో దించేముందు మాస్ట్‌కు, అంటే తెరచాప కట్టే స్తంభానికి, రంగు వేయాలన్నాడు. అల్యూమినియం మాస్ట్, దాని ఫిట్టింగులకు స్టెయిన్‌లెస్ స్క్రూలు; రంగుకు ముందు అవి విప్పాలి. స్క్రూలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, అక్కడే మోసపోయాం. వాటి చుట్టూ రంగు బుడగలు లేచి, కింద తెల్లపొడి. రెండు లోహాలు ఉప్పునీటిలో కలిసుంటే తినబడేది అల్యూమినియమే. ఆ పొడే మరలను పట్టేస్తుంది.

నూనె పోసి రాత్రంతా ఉంచాం. తర్వాత వేడిగాలి ఊదే హీట్ గన్. డిగ్రీ వేడికి మీటరు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగితే, స్టెయిన్‌లెస్ 17 దగ్గరే ఆగుతుంది. అంటే రంధ్రం కాస్త వదులవుతుంది. మంట పెడదామన్నాడు మావాడు, నేను పెట్టనివ్వలేదు. అతిగా కాలితే మాస్ట్ బలమే పోతుంది. ఆఖరున ఇంపాక్ట్ డ్రైవర్: సుత్తెతో కొడితే లోపలికి నొక్కుతూనే తిరుగుతుంది కాబట్టి స్క్రూ తల గాడి చెడదు. అది పెడుతూ "ముందు జరంత బిగియ్యి" అన్నది నా నోరే! రెండు స్క్రూలు మాత్రం మొండికేశాయి, తలలు డ్రిల్ చేయాల్సి వచ్చింది.

సాండ్‌పేపర్ పట్టాక ఆలస్యం చేయకుండా లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ కొట్టాం, గీకిన అల్యూమినియం మీద రంగు అంటనివ్వని పొర మళ్లీ కట్టడానికి ఎంతోసేపు పట్టదు. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూకూ మళ్లీ పట్టేయకుండా పేస్టు, రెండు లోహాలు తాకకుండా ఫిట్టింగుల కింద ప్లాస్టిక్ పలకలు.

మొన్న జనవరిలో బడికి వెళ్లాను. అదే పైపు, అదే గిరక, గ్రీజు చుక్క లేదు. కమిటీ వాళ్లు ఈసారి జూలైలోనే పిలవండి. గ్యాస్‌నూనె ఇప్పుడు దొరకడం కష్టం, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే నేనే తెస్తాను.