అట్ట వెనక నాలుగు లైన్లు

పదకొండున్నర దాటింది. అమ్మ ఇప్పుడే టీవీ కట్టేసింది. తెల్లారితే ఈ చిరాకు ఉండదు, అందుకని ఇప్పుడే రాసేస్తున్నా.

పొద్దున సాహిత్య పేజీలో ఒక కథల సంపుటి మీద సమీక్ష వచ్చింది. ఉన్నదే మూడొందల మాటలు. అందులో సగం రచయిత పుట్టిన ఊరూ, పురస్కారాలూ, సన్మానాలూ. ఎక్కడో చదివినట్టుందే అని బల్ల మీది పుస్తకం తిరగేస్తే అట్ట వెనక ఉన్నదే, కామాలతో సహా. మిగతా సగం ముందుమాటలోది. 'వస్తు వైవిధ్యం, శిల్ప నైపుణ్యం' సరేసరి. ఏ కథలో ఎవరికి ఏమైందో ఒక్క ముక్క లేదు.

పత్రికలు సమీక్షకి రెండు ప్రతులు అడుగుతాయి. ఒకటి ఆఫీసులో ఉండిపోతుంది, రెండోది సమీక్షకుడికి వెళ్తుంది. చాలాసార్లు పారితోషికం కూడా ఆ ప్రతే. నూట అరవై పేజీలు చదవడం కంటే అట్ట చదవడం తేలిక. ముందుమాట రాసినాయనే సమీక్ష కూడా రాస్తే ఇంకా తేలిక. కింద పేరు, పక్కన సెల్ నంబరు, అంతే. ఆయన ఏం చేస్తుంటాడు, రచయితకి ఏమవుతాడు? ఫోన్ చేసి అడగాలా?

అసలు రచయిత బతుకుతో మనకేం పని, కథ చాలదా అని రాద్దామనే కూర్చున్నా. నవలా రచయిత డాక్టర్ కేశవరెడ్డి గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

చిత్తూరు జిల్లా తలుపులపల్లె మనిషి. పాండిచ్చేరిలో వైద్యం చదివి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఉద్యోగం అక్కడ, నవలలు చాలావరకు వదిలొచ్చిన పల్లెల మీద. 'అతడు అడవిని జయించాడు'లో ముసలాయన ఈనబోయే పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కుష్ఠులో స్పర్శ పోతుంది. రోగిని కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటారు. రోజూ ఆ పని చేసినవాడి వాక్యం ఒంటికీ గాయానికీ అంత దగ్గరగా నడవడం ఊరికే జరిగిందనుకోలేను. నా ఊహ తప్పే కావచ్చు. కానీ ఆ ఉద్యోగం సంగతి తెలియకపోతే ఊహే వచ్చేది కాదు.

సరే, మాట మార్చుకుంటున్నా. పరిచయం ఉండాలి, బిరుదుల చిట్టా వద్దు. కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం 2022లో మధురాంతకం నరేంద్రకి వచ్చింది, తిరుపతిలో ఇంగ్లీషు ప్రొఫెసరుగా చేసినవారు. 2023లో పతంజలి శాస్త్రికి, ఆయన పర్యావరణం కోసం పనిచేసినవారు. 2024లో పెనుగొండ లక్ష్మీనారాయణకి, అదీ సాహిత్య విమర్శకి. ఆయన గుంటూరు లాయరు. నాకు పురస్కారం కంటే ఆ 'లాయరు' అన్న మాటే ఎక్కువ చెప్తుంది. వాదన ఎలా కడతారో చూద్దామనిపిస్తుంది.

అట్ట వెనక ఊరు, మండలం, జీతం ఏ పనికి వచ్చేదో, ఏ ఏళ్ళలో ఎక్కడున్నారో ఉంటే చాలు. ప్రతి కథ చివరా మొదట అచ్చయిన పత్రిక, నెల, సంవత్సరం ఉండాలి. అవి లేకపోతే 1994 నాటిదో 2014 నాటిదో తెలియక, కథలో సెల్‌ఫోన్ ఉందా అని వెతుక్కుంటూ చదవాలి.

అన్నట్టు ఆ సంపుటిలో నాలుగో కథ చాలా బాగుంది. ఊరి బావి పూడ్చే కథ. చివర తేదీ లేదు.