వియన్నా ఒపేరాకి పట్టుచీరలో

వియన్నా ఒపేరాకి, అంటే పాటలతోనే కథ నడిపే ఆ పెద్ద థియేటర్‌కి, జీన్స్‌లో వెళ్లినా ఎవరూ ఏమీ అనరని బయల్దేరకముందు నుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. నిజమే, అనరు. అందులోనూ నిలబడి చూసే టికెట్ అయితే అసలు పట్టించుకోరన్నారు. అయినా నేను సూట్‌కేసులో ముదురాకుపచ్చ పట్టుచీర పెట్టుకునే బయల్దేరాను. అక్కడ పాట వినడం నాకెంత ముఖ్యమో, వినడానికి ముస్తాబై వచ్చే మనుషుల్ని చూడటమూ అంతే ముఖ్యం. వాళ్లని కళ్లారా చూడాలని వెళ్తూ, నేను మాత్రం పొద్దుట్నుంచీ ఊరంతా తిరిగి నలిగిన బట్టల్లో వెళ్లడం మర్యాదగా అనిపించలేదు. మావారు సూటు మోయనని మొండికేసి, చివరికి నల్ల కోటు ఒక్కటి తెచ్చుకున్నారు, టై లేకుండా.

ఒపేరా పక్కనున్న కార్ల్స్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్ నుంచి పైకి రాగానే మొజార్ట్ వేషంలో ఉన్న కుర్రాళ్లు చుట్టుముట్టేస్తారు, తెల్ల విగ్గు, మెరిసే కోటు, చేతినిండా బ్రోచర్లు. వాళ్లు అమ్మేది ఈ ఒపేరా టికెట్లు కాదు, ఊళ్లో ఇంకెక్కడో టూరిస్టుల కోసం పెట్టే కచేరీలకి. ధర వింటే ఒళ్లు మండింది, ఎందుకంటే నాలుగడుగులు వేస్తే స్టాండింగ్ టికెట్ 20 యూరోల లోపే దొరుకుతుంది. ముందు వరుస సీట్లు మాత్రం 200 యూరోలు దాటతాయి. పార్టెర్ స్టాండింగ్ అంటే ఆ ఖరీదైన సీట్ల వెనకే, మధ్య బాక్సు కింద, స్టేజీకి సరిగ్గా ఎదురుగా. కాళ్లలో ఓపిక ఉండాలంతే.

క్యూలో ఉన్నంతసేపూ చూడ్డానికేమీ లేదు, చలికి అందరూ ఒకేలాంటి నల్ల కోట్లలో ఉన్నారు. కోట్లు హాల్లోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి అందరూ క్లోక్‌రూమ్ దగ్గర ఆగాల్సిందే. అసలు ముస్తాబంతా అక్కడే బయటపడింది. బూడిదరంగు కోటు విప్పగానే లోపల ఎర్ర వెల్వెట్ గౌను, ఇంకొకాయన ఉన్ని కోటు కింద కొమ్ము గుండీల ఆస్ట్రియన్ జాకెట్. నా పక్కనే డెబ్బై దాటిన ఒకావిడ గోడకానుకుని మంచు బూట్లు విప్పి, గుడ్డసంచీలోంచి మడమల్లేని మెత్తటి నల్ల చెప్పులు తీసి వేసుకుంది. పైన నీలం సిల్కు గౌను, మెడలో ముత్యాలు, కింద ఈ చెప్పులు. నిలబడి చూసేవాళ్లని కనిపెట్టాలంటే పాదాలు చూడమని ఆవిడే తర్వాత నాకు చెప్పింది. అప్పట్నుంచీ నేను ముందు పాదాలే చూశాను, ఆవిడ మాట తప్పలేదు.

లోపల ఇనప కడ్డీకి స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మనదే, ఎవరూ దాన్ని కదపరు. ఆవిడే నా స్కార్ఫ్ ముడి సరిచేసి, కడ్డీకున్న చిన్న స్క్రీన్‌లో మాటలు ఇంగ్లీషులోకి మార్చడం చూపించింది. నా చీర అంచు ముట్టుకోవచ్చా అని అడిగి, జరీని వేలి చివరతో నెమ్మదిగా రాసి చూసింది. ఇవాళ మిమ్మల్ని కూడా అందరూ చూస్తారు, మెట్ల మీదకి వెళ్లిరండి అంది.

ఆ మెట్లు నిజంగా అందుకే కట్టినట్టున్నాయి. 1945 మార్చిలో బాంబులు పడి హాలు, స్టేజీ కాలిపోయినా ఈ పాలరాతి మెట్లు మిగిలాయి. హాలు మళ్లీ కట్టి 1955లో తెరిచారు, కాబట్టి ఈ భవనం మొదటిసారి తెరిచిన 1869 నాటి వియన్నా కావాలంటే మెట్ల దగ్గరే నిలబడాలి. ఈ ఊరి జనం చూపు మరీ పదును. భవనం కడుతుండగానే దాన్ని ఎంత ఆడిపోసుకున్నారంటే, ఇద్దరు ఆర్కిటెక్టుల్లో ఫాన్ డెర్ న్యుల్ 1868లో ఆత్మహత్య చేసుకున్నాడు, రెండో ఆయన సికార్డ్స్‌బుర్గ్ కొన్ని వారాలకే జబ్బుతో పోయాడు. ఇద్దరూ దాన్ని పూర్తయ్యాక చూడలేదు. ఆ మెట్లెక్కుతుంటే వాళ్లే గుర్తొచ్చి బాధేసింది.

అక్కడ నాకు బాగా నచ్చింది ఒక ముసలి జంట. ఆయన కోటు భుజాల దగ్గర అరిగి మెరుస్తోంది, కానీ ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, పైకి చేరాక ఆవిడ శాలువా సర్ది అప్పుడు తన బో టై సర్దుకున్నాడు. పొడుగు గౌను కింద స్నీకర్లు వేసుకున్న కాలేజీ పిల్లలూ ఉన్నారు, వాళ్లకీ అందంగానే ఉంది. చిరాకనిపించింది మాత్రం మెట్టుమెట్టుకీ ఫోటోల కోసం దారి అడ్డుకున్నవాళ్లు. వాళ్లలో కొందరు ఇంటర్వెల్‌లో కోట్లు తీసుకుని వెళ్లిపోవడం కళ్లారా చూశాను. మా ముందు వరుసలో నాలుగు సీట్లు ఖాళీ, వెనక మేమంతా నిలబడే ఉన్నాం. అంత డబ్బు పోసి కొని కథానాయిక మిమీ చివరి పాట వినకుండా ఎలా వెళ్లబుద్ధయిందో!

ఆ రాత్రి ఆడింది ఇటలీ సంగీతకర్త పుచ్చిని ఒపేరా లా బొహేమ్, 1963లో ఫ్రాంకో జెఫిరెల్లి రూపొందించిన ప్రదర్శనే ఇప్పటికీ నడుస్తోంది. బట్టల మీదే ధ్యాస ఉండబట్టేమో, కథంతా బట్టల్లోనే నడుస్తున్నట్టు కనిపించింది. పేద కవి రొడోల్ఫో తను ప్రేమించిన మిమీకి గులాబిరంగు టోపీ కొనిపెడతాడు. వాళ్ల స్నేహితురాలు ముసెట్టా చెప్పు కరుస్తోందని వంకపెట్టి, తనతో వచ్చిన ముసలాయన్ని పంపించేస్తుంది. చివర్లో జబ్బుపడ్డ మిమీకి మందుల కోసం ముసెట్టాయే తన చెవిపోగులు అమ్మిస్తుంది, చల్లబడిపోతున్న ఆ చేతులకి వెచ్చటి తొడుగు తెచ్చిస్తుంది. రొడోల్ఫో స్నేహితుడు కొలీన్ అయితే తన పాత కోటు కుదువపెట్టబోతూ దానికి వీడ్కోలు పాడతాడు. చిన్న పాట. పక్కనున్నావిడ ముత్యాలు పట్టుకుని కళ్లు మూసుకుంది. మావారు టై లేదన్న సంగతి మర్చిపోయి కడ్డీ మీద చేతులేసి ముందుకి వంగిపోయారు.

చప్పట్లు చాలాసేపు సాగాయి. క్లోక్‌రూమ్ క్యూ అంతకంటే ఎక్కువసేపు. బయటికొచ్చాక ఆల్బెర్టీనా మ్యూజియం దగ్గరున్న సాసేజ్ స్టాల్‌కి వెళ్లాం, ఒపేరా అయ్యాక సగం జనం అక్కడే. పొడుగు గౌన్ల వాళ్లూ బో టైల వాళ్లూ ట్యాక్సీ డ్రైవర్ల పక్కన నిలబడి, ఆవాలపచ్చడి గౌను మీద పడకుండా ముందుకి వంగి తింటున్నారు. రొడోల్ఫో పాత్ర పాడిన టెనర్ గాయకుడి గొంతు మొదటి అంకంలో బిగుసుకుపోయిందని ఒకాయన, కాదని వాళ్లావిడ, ఇంగ్లీషులోనే గట్టిగా వాదించుకుంటున్నారు. నేను ఆవిడ పక్షమే.