గాడ్లీ లోయలో తహర్ వేట

హిమాలయాల జంతువును వేటాడడానికి నా భార్యా నేనూ న్యూజిలాండ్ వెళ్లాం. తహర్ మేక జాతికి దగ్గరి కొండ జంతువు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతుంది, వేటాడితే జైలే. న్యూజిలాండ్‌లో దాని కథ వేరు. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ డ్యూక్ తన మందలోంచి పంపిన కొన్ని తహర్‌లను 1904లో అవొరాకి, అంటే మౌంట్ కుక్, దగ్గర వదిలారు. సముద్రంలో బతికేవాటిని పక్కనపెడితే ఆ దేశంలో స్థానిక క్షీరదాలు గబ్బిలాలు మాత్రమే. చిరుతలు లేవు, తోడేళ్లు లేవు. గిట్టల జంతువుల నోటికి ఎన్నడూ చిక్కని గడ్డి, పూలమొక్కలు ఆ కొండల నిండా ఉన్నాయి. తహర్‌లు పెరిగిపోయి వాటిని నేలమట్టం చేయడం మొదలుపెట్టాయి. వాటి సంఖ్య 10,000 దాటకూడదని 1993లో ప్రభుత్వం ప్రణాళిక వేసుకుంది. తర్వాతి సర్వేల్లో ప్రభుత్వ భూముల్లోనే సుమారు 35,000 ఉంటాయని తేలింది. అందుకే అక్కడ వేటగాడంటే కొండకు మేలు చేసేవాడన్న భావన బలంగా ఉంది.

గురి చూడడంలో నా భార్యది నాకంటే మంచి చెయ్యి. రైఫిల్ ఆమెకు, బైనాక్యులర్లు నాకు అని బయలుదేరక ముందే అనుకున్నాం. సొంత ఆయుధం తీసుకెళ్లాలంటే అక్కడి పోలీసుల నుంచి సందర్శకుల లైసెన్సు పొందాలి. లైసెన్సున్న గైడ్ పక్కనే ఉండి చూసుకుంటే ఆయన రైఫిల్‌ను వాడుకోవచ్చు. మేం రెండో దారి ఎంచుకున్నాం. విమానాశ్రయంలో మా బూట్ల అడుగుల్ని నిశితంగా పరిశీలించారు, పరాయి విత్తనమో మట్టో దేశంలోకి రాకూడదని. తహర్‌ను తెచ్చుకుని ఇంత పాఠం నేర్చుకున్న దేశం అంత జాగ్రత్త పడడం న్యాయమే అనిపించింది.

జూన్ అంటే అక్కడ చలికాలం, తహర్‌లు జతకట్టే కాలం. టెకాపో సరస్సు తలాపున ఉన్న గాడ్లీ లోయలోకి జీపులో వెళ్లాం. గాడ్లీ నది పాయలు పాయలుగా విడిపోయి రాళ్ల మీద పరుగెడుతుంది. గైడ్ పెద్ద పాయ వచ్చిన ప్రతిసారీ దిగి, నీళ్లలోకి నడిచి, లోతు చూసుకుని, అప్పుడే బండి నడిపాడు. రాత్రి బస రేకుల కప్పున్న ఒక చిన్న గదిలో. పొద్దున ఎనిమిది దాకా తెల్లవారదు, సాయంత్రం ఐదుకే చీకటి. ఆ మధ్య వెలుగంతా కొండకే.

వేటంటే నడక అనుకునేవాణ్ని. నిజానికి ఎక్కువ సమయం చూడడంలోనే గడిచింది. దక్షిణార్ధగోళంలో ఎండ ఉత్తరం వైపు వాలుల మీద పడుతుంది. తహర్‌లు అక్కడికే వచ్చి వెచ్చబడతాయి. చలికాలంలో పోతు మెడ చుట్టూ పెరిగే గడ్డి రంగు జూలు ఎండిన టస్సాక్ గడ్డిలో కలిసిపోతుంది. జంతువు కోసం కాదు, గడ్డిలో అడ్డంగా కనిపించే వీపు గీత కోసం వెతకండి అన్నాడు గైడ్. అలా చూడడం అలవాటయ్యాక ఖాళీ అనుకున్న కొండ నిండిపోయింది. ఒక ఆడ తహర్, దాని వెనక మరొకటి, వాటి పైన రాయి మీద నిలబడి లోయను చూస్తున్న పోతు! ఆ క్షణంలో కలిగిన ఆనందానికి తుపాకీతో పనే లేదు.

గాలి మాత్రం కనికరించదు, మన వాసనను తహర్ దాకా మోసుకుపోతుంది. పొద్దున చల్లగాలి కిందికి జారుతుంది, ఎండ పెరిగాక పైకి ఎగబాకుతుంది. తహర్ తప్పించుకునేది పైకే. కాబట్టి అది మేలుకోక ముందే మనం దానికంటే పైకి చేరాలి. రాళ్లు జారే వాలు, ముట్టుకుంటే గుచ్చుకునే ఈటెల్లాంటి స్పానియర్డ్ ఆకులు, మటగౌరీ ముళ్లపొదలు, పైన గట్టిపడిన మంచు. మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు, క్రాంపాన్లు, కట్టుకుని నడవడం గైడ్ ముందురోజే మాకు నేర్పాడు.

మొదటి పోతు కనబడినప్పుడు నా భార్య బైపాడ్, అంటే రైఫిల్‌ను ఆనించే రెండు కాళ్ల స్టాండ్, సర్దుకుని పడుకుంది. దూరం 240 మీటర్లు. గొప్ప జూలు. నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. గైడ్ మాత్రం టెలిస్కోప్‌లో కొమ్ముల మీది వలయాలు లెక్కబెడుతూనే ఉన్నాడు. నాలుగైదేళ్లకు మించదు, వదిలేద్దాం అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసింది. జూలు వయసును దాచేస్తుంది, కొమ్ములు దాచవని అప్పుడే తెలుసుకున్నాం. మరోసారి కనబడిన ముసలి పోతు కొండచరియ అంచున ఉంది. కొడితే లోయలోకి పడి ముక్కలవుతుంది. “వద్దండీ, దించుకోలేనిది కొట్టను,” అని ఆమే చెప్పింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగిన చోటు అది.

చివరికి ఒక ముసలిది చిన్న తిన్నె మీద పక్కకు తిరిగి నిలబడింది. ఒకే తూటా. నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూలిపోయింది. మేం దగ్గరికి వెళ్లేసరికి ఆడవాటి మంద పై రాళ్లలోకి ఎక్కేసింది. ఆమె చాలాసేపు ఆ జూలులో చెయ్యి పెట్టి కూర్చుంది. గిట్టలు చూశాను. అంచు గట్టిగా, మధ్యలో రబ్బరులా మెత్తగా ఉంది. ఆ నిట్టనిలువు రాయి మీద అంత ధీమాగా ఎలా నిలబడతాయో అర్థమైంది. వలయాలు పదికి పైనే ఉన్నాయి. జతకాలం వాసన ఘాటుగా ఉన్నా మాంసం వదల్లేదు, తొడలూ వీపు కండలూ ముగ్గురం పంచుకుని మోశాం.

ఆ రాత్రి గైడ్ చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. పోతుల్ని ఎన్ని కొట్టినా మంద తగ్గదు, మిగిలిన ఒక్క పోతు చాలు. కొండకు మేలు జరగాలంటే ఆడవాటిని తగ్గించాలి. జాతీయ పార్కుల్లో పోతుల్ని కూడా ప్రభుత్వమే కాల్చడం మీద 2020లో వేటగాళ్లు హైకోర్టుకు వెళ్లారు. ఆ కోపం ఆయనలో ఇంకా ఉంది. కానీ కొమ్ముల కోసం వచ్చి ఆడవాటిని పట్టించుకోకుండా వెళ్లిపోయే వేటగాళ్ల మీద అంతకంటే ఎక్కువ కోపం ఉంది. నేను ఆయన పక్షమే.

మర్నాడు రైఫిల్ నేను తీసుకున్నాను. జూలు లేని, కొమ్ములు చిన్నవైన ఒక ఆడ తహర్‌ను కొట్టాను. గోడకు తగిలించుకునేది ఏమీ లేదు, మాంసం మాత్రం పోతుకంటే ఎంతో మేలు. మళ్లీ వస్తే ఆడవాటి కోసమే, నవంబర్‌లో పిల్లలు పుట్టడం మొదలవక ముందే రావాలని ఆమె అక్కడే గైడ్‌తో నెల మాట్లాడుకుంది.