ల్యాప్‌టాప్‌కు ఏ హార్డ్ డిస్క్, ఏ తీగ?

పెళ్ళి వీడియోలతో ల్యాప్‌టాప్ నిండిపోవడంతో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కోసం విజయవాడ గవర్నర్‌పేటకు వెళ్ళాను. “టైప్-సీ తీసుకోండి సార్, స్పీడు బాగుంటుంది” అన్నాడు దుకాణదారు. టైప్-సీ అనేది పోర్టు ఆకారమే గాని వేగానికి హామీ కాదు. వేగం యూఎస్‌బీ తరాన్ని బట్టి ఉంటుంది: యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, 3.0ది 5 గిగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). లోపల పళ్ళేలు తిరిగే చిన్న డిస్కు సాధారణంగా సెకనుకు 100 నుంచి 140 మెగాబైట్లే ఇస్తుంది కనుక, దానికి 3.0 సరిపోతుంది, అంతకన్నా వేగమైన థండర్‌బోల్ట్ కనెక్షన్‌కు డబ్బు పోయడం దండగ. 3.5 అంగుళాల డిస్కుకు విడిగా అడాప్టరు కావాలి, 2.5 అంగుళాలది యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటుంది కనుక, గుంటూరుకు రైల్లో తిరిగే నాకు అదే అనువు. డిస్కు వైపు రెండు ముక్కలుగా, వెడల్పుగా ఉండే మైక్రో-బీ కొన వదులైతే కాపీ మధ్యలోనే కనెక్షన్ తెగిపోతుంది; తీగను అక్కడే గట్టిగా పరీక్షించాను. విండోస్, మ్యాక్ రెండింటిలోనూ వాడేవారు డిస్కును ఆ రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి.