దులిపితే పోయే బూజు కాదు

ఆదివారం, రాత్రి పదిన్నర.

చేతులకి ఇంకా సబ్బు వాసన పోలేదు. భుజాలు లాగేస్తున్నాయి. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. పోయినేడు ఇదే గోడ దగ్గర చేసిన తప్పు మళ్ళీ చేయకూడదు.

శుక్రవారం పొద్దున్న నాన్న తోలు సంచీ కోసం అమ్మ గదిలో బీరువా అడుగు అర తెరిచాను. సంచీ పైకి తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. మూత మీద, పట్టీ మీద పౌడరు చల్లినట్టు తెల్లగా ఉంది. దాని కింద నాన్న రాసుకున్న నోట్‌బుక్కులు మూడు. అట్టల అంచుల్లో బూడిద రంగు చుక్కలు. గుండె కలుక్కుమంది. మా ఆయన్ని పిలిచాను. ఇద్దరం కలిసి బీరువా ముందుకి జరిపి టార్చి వేసి చూస్తే, వెనక గోడ మీద మోకాలి ఎత్తు నుంచి నేల దాకా నలుపు.

దూరం నుంచి మరకలాగే ఉంది. టార్చిని గోడకి ఆనించి పక్కవాటుగా వెలుగు పడేలా పెడితే అప్పుడు తెలిసింది. ఒక్కో చుక్కా గుండ్రంగా, మధ్యలో చిక్కటి నలుపు, అంచుల్లో సన్నటి నూగు. రెండు చుక్కలు దగ్గరైన చోట నూగు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుపోయింది. పోయినేడు వేయించిన రంగు అక్కడక్కడా పొలుసుల్లా లేచింది. గోటితో ఒక పొలుసు ఎత్తి చూశాను. దాని వెనక కూడా నలుపే.

అమ్మ మూడు వారాలుగా రాత్రుళ్ళు దగ్గుతోంది. ఆమెకి ఆయాసం ఎప్పటినుంచో ఉంది. వానలు కదా, చలిగాలి పడటం లేదనుకున్నాం. మంచం తలవైపు నుంచి బీరువాకి రెండడుగుల దూరం కూడా లేదు. ఇన్ని రాత్రులు ఆ గాలే పీల్చింది. ఈ ఆలోచన నన్ను శుక్రవారం నుంచీ వదల్లేదు. ఆ రాత్రే అమ్మ పక్క మా గదిలోకి మార్చాను.

అమ్మ గోడ చూసి, "నెమ్మెక్కిందే గోడకి" అంది. మనం గోడ చెమ్మనీ నెమ్మే అంటాం, ఊపిరితిత్తులకి జబ్బు చేసినా నెమ్మే అంటాం. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను కానీ, ఆ రెండూ ఒకే గదిలో పక్కపక్కన చూసింది మొన్ననే.

"బూజే కదే. కర్ర తెచ్చి దులిపెయ్యి" అని కూడా అంది.

ఇక్కడే మన మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుందని నాకు గట్టిగా అనిపించింది. సాలీడు అల్లిందీ బూజే, చెమ్మకి మొలిచిందీ బూజే. మొదటిదాన్ని బూజుకర్రతో దులిపితే సరిపోతుంది. రెండోది ప్రాణమున్నది. పొడిగా దులిపితే అందులోంచి కంటికి కనిపించని సన్నటి పొడి లేస్తుంది. పాప స్కూలు పుస్తకంలో వాటిని సిద్ధబీజాలు అన్నారు. చాలావాటి సైజు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఒక గోడ మీద ఉన్నది గదంతా, పరుపంతా, ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్ళిపోతుంది. అలా అని ఆ బీజాలు మన ఇంట్లోనే ఉన్నాయని కాదు, గాలిలో ఎక్కడైనా ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపలేం. అవి మొలవడానికి కావాల్సిన నీటిని మాత్రం ఆపగలం.

అందుకే శుక్రవారం ఏదీ ముట్టుకోలేదు. ముందు నీరెక్కడిదో తేల్చుకోవాలనుకున్నాను. పోయినేడు ఆ పని చేయకుండా బ్లీచింగ్ ద్రావణంతో తుడిపించి, నలుపు కనపడకుండా పోగానే రంగు వేయించేశాం. వచ్చిన మేస్త్రీ కూడా "రంగు పడితే కప్పేస్తుందమ్మా" అన్నాడు, నేనూ నమ్మాను. రంగు పోయినంత మాత్రాన బూజు పోయినట్టు కాదని అప్పుడు తెలీదు. చచ్చిన బూజు కూడా గోడ మీదే ఉంటే అలర్జీ తెప్పిస్తుంది. దాన్ని చంపడం కాదు, తుడిచి తీసెయ్యాలి.

గోడ మీద జానెడు వెడల్పున్న పల్చటి ప్లాస్టిక్ షీటు ముక్క ఒకటి పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించి, బీరువా మళ్ళీ వెనక్కి నెట్టాం. ఇవాళ పొద్దున్న తీసి చూశాం. ప్లాస్టిక్‌కి గోడవైపు పొడిగా ఉంది. గదివైపు సన్నటి చెమట. వేలితో గీస్తే గీత పడింది. వెనకవైపు తడిగా ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు, అంటే పైపు లీకో, బయట పగులో, పునాది నుంచి ఎక్కే చెమ్మో. ముందువైపు తడి అంటే నీరు గదిలోని గాలిదే. ఆయన మొహం తేటపడింది, గోడ పగలగొట్టక్కర్లేదని. నాకు మాత్రం ఇంకో టెన్షన్ పట్టుకుంది. గదిలో గాలికి అంత నీరు ఎవరిచ్చారు?

మేమే. ఎడతెరిపి లేని వానలకి నెలరోజులుగా బట్టల స్టాండు అమ్మ గదిలోనే ఉంది. బట్టలు తడుస్తాయని కిటికీ మూసి ఉంచాం.

నిన్న మెషీన్‌లోంచి తీసిన బట్టల్ని బకెట్టులో వేసి, ప్రయాణాలప్పుడు పెట్టె తూచుకునే చిన్న కాటాకి తగిలించి తూచాను. ఇవాళ అవే బట్టలు ఆరాక మళ్ళీ తూచాను. రెండు కిలోల పైచిలుకు తేడా. కాటా మీద ఆ అంకె చూసి చాలాసేపు అలాగే నిలబడ్డాను. రెండు కిలోలంటే రెండు లీటర్ల నీరు. పిండినప్పుడు కారిపోయింది కాదు, అది ముందే పోయింది. ఇది పూర్తిగా ఆ గది గాలిలోకి వెళ్ళిన నీరు. రోజు విడిచి రోజు ఒక లోడు. ఎవరైనా రెండు లీటర్ల నీళ్ళు తెచ్చి అమ్మ మంచం పక్కన ఒలకబోస్తే ఊరుకుంటానా? గాలిలోకి పోయింది కాబట్టి కనపడలేదు, అంతే.

ఇక ఆ గోడే ఎందుకంటే, అది బయటి గోడ. వానకి తడిసి రాత్రుళ్ళు చల్లబడుతుంది. చల్లటి నీళ్ళ గ్లాసుకి చెమట పట్టినట్టే దానికీ పడుతుంది. గదిలో 27 డిగ్రీల వేడి, గాలిలో తేమ 80 శాతం ఉంటే, 23 డిగ్రీలకి చల్లబడిన దేని మీదైనా నీరు చేరుతుంది. బూజుకి అంత తడి కూడా అక్కర్లేదు. గోడని ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే చాలు. బీరువాని గోడకి పూర్తిగా ఆనించేశాం కాబట్టి వెనక గాలి ఆడదు, ఆరే వీలే లేదు. గదిలో మిగతా గోడలన్నీ శుభ్రంగా ఉండి బీరువా నీడ పడినంత మేర మాత్రమే నల్లబడటం అందుకే.

పని మొదలుపెట్టే ముందు టేపు పెట్టి కొలిచాం. రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పది చదరపు అడుగుల లోపు ఉంటే ఇంట్లోవాళ్ళం చేసుకోవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క. అంతకు మించితే, లేదా మురుగు నీటితో వచ్చిందైతే, తెలిసినవాళ్ళని పిలవాలి. అమ్మనీ పాపనీ హాల్లోకి పంపి తలుపు వేశాం, కిటికీ తెరిచాం, సీలింగ్ ఫ్యాన్ ఆపేశాం. తుడిచేటప్పుడు ఫ్యాన్ తిరిగితే ఆ పొడి ఇల్లంతా పంచినట్టే. ఎన్-95 మాస్కులు, రబ్బరు గ్లౌజులు, కళ్ళని నాలుగు వైపులా మూసే అద్దాలు.

ఆయన ఒక చేత్తో బ్లీచింగ్ సీసా, ఇంకో చేత్తో బాత్రూం కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చారు. "రెండూ కలిపి కొడితే వేళ్ళతో సహా పోతుంది" అన్నారు.

నాకు ఒళ్ళు జలదరించింది. "ఏమండీ, ఆ సీసాలు అక్కడ పెట్టేయండి. కలపకండి."

అవి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్ కలిసినా అంతే. అద్దాలు తుడిచే కొన్ని ద్రావణాల్లో అమోనియా ఉంటుంది, అది బ్లీచింగ్‌తో కలిసినా విషవాయువే. పక్క గదిలో ఆయాసం మనిషి ఉన్న ఇంట్లో, తలుపు వేసుకుని! ఆయనకి తెలీక చేశారు. చాలా ఇళ్ళలో ఈ రెండు సీసాలూ ఒకే మూల పక్కపక్కనే ఉంటాయి. మా ఇంట్లోవి ఇవాళ సాయంత్రం వేరువేరు అరల్లోకి మార్చాను.

గోడకి వాడింది ఉత్త సబ్బు నీళ్ళే. ముందు స్ప్రేతో తడిపి, పొడి లేవకుండా చూసుకుని, లేచిన రంగు పొలుసుల్ని తడిగానే గీకేసి, గుడ్డతో పై నుంచి కిందికి తుడిచాను. ఒక గుడ్డతో రెండుసార్లకి మించి తుడవలేదు. నల్లబడినదాన్ని మళ్ళీ బకెట్టులో ముంచితే అదే నీళ్ళు గోడకి పూసినట్టవుతుంది. పాత బనీన్లు పదకొండు అయ్యాయి. అన్నీ అక్కడే ప్లాస్టిక్ సంచీలో వేసి మూతి కట్టేశాం. తుడిచాక కూడా లేత బూడిద రంగు నీడ ఒకటి మిగిలింది. అది మరక, బూజు కాదు. ఉండనీ. గోడ పూర్తిగా ఆరేదాకా ఈసారి రంగు ఊసెత్తను.

మధ్యలో పాప తలుపు సందులోంచి, "అమ్మా, ఫ్లెమింగ్ ప్లేటులో మొలిచింది ఇదేనా?" అని అడిగింది. 1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, సెలవుల నుంచి తిరిగొచ్చిన, పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్‌కి కనిపించింది పెనిసిలియం అనే బూజు. ఆ జాతివి ఇళ్ళలోనూ మామూలే. మా గోడ మీదిది అదో కాదో చూడగానే చెప్పలేం, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ రకమైనా తుడవాల్సిందే, ఆరబెట్టాల్సిందే. పరీక్షలకి పంపే ఖర్చు దండగ.

కష్టమైంది దిండు దగ్గర. అమ్మ దిండు స్పాంజిది, ఏళ్ళ నాటిది. కవరు విప్పి చూస్తే ఒక మూల చిన్న చిన్న నల్ల చుక్కలు.

"పారేయకే. ఎండ వచ్చాక వేస్తే పోతుంది" అంది అమ్మ.

"పైది పోతుందమ్మా. లోపలిది పోదు."

స్పాంజి, అట్టపెట్టెలు, కార్పెట్ లాంటివి లోపలికంటా పీల్చుకుంటాయి. ఎంత తుడిచినా లోపల మిగిలిపోతుంది. అమ్మ దిండుని ఒళ్ళో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే సంచీలో వేసింది. నాన్న ఉన్నప్పటి కవరు మాత్రం వేడినీళ్ళలో ఉతికి దాచాను.

నోట్‌బుక్కుల్ని అలా పారేయలేం. వాటికి నీళ్ళు తగలకూడదు, తడిగా ఉండగా రుద్దనూ కూడదు. రుద్దితే సిరాతో సహా కాగితంలోకి ఇంకిపోతుంది. వరండాలో నిటారుగా, పేజీలు విసనకర్రలా విచ్చుకునేలా నిలబెట్టి, దూరం నుంచి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టాను. ఎండలో పెడితే అక్షరాలు వెలిసిపోతాయి. బాగా ఆరాక ఆరుబయట మెత్తటి బ్రష్షుతో ఒక్కో పేజీ తుడవాలి. రెండో పుస్తకం మధ్యలో నాన్న పెన్సిల్‌తో గీసుకున్న మా పాత ఇంటి నక్షా ఉంది. ప్రతి గదికీ రెండేసి కిటికీలు, ఎదురెదురుగా. ఆ పేజీకి ఒక్క చుక్క కూడా అంటలేదు.

బాత్రూం పని అరగంటలో అయిపోయింది. టైల్సు మధ్య నలుపు బ్రష్షుకి వచ్చేసింది. సింకు చుట్టూ ఉన్న సిలికాన్ పట్టీకి మాత్రం లోపలికంటా పట్టేసింది, దాన్ని కోసేసి కొత్తది వేయాలి. స్నానమయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట తిరగాలని అందరికీ చెప్పాను. వాషింగ్ మెషీన్ తలుపు ఇక మూసి ఉంచం.

తేమ కొలిచే చిన్న మీటరు పొద్దున్న అమ్మ గదిలో 78 చూపించింది. ముసురులో కిటికీ తెరిస్తే 83కి పెరిగింది. ఇంతకాలం కిటికీ తెరిస్తే చాలనుకునేదాన్ని. బయటి గాలి కూడా నీళ్ళోడుతుంటే అది సాయం చేయదు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చి గాలి తిరిగాక తెరిచి ఫ్యాన్ వేస్తే మెల్లగా దిగింది. 60 లోపు ఉండాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మంచిది. ఈ వానల్లో 50 కష్టమే. ముసురు ఇలాగే ఉంటే తేమ పీల్చే మెషీన్ కొనాలని ఇద్దరం అనుకున్నాం. బట్టల స్టాండు వరండాలో చూరు కిందికి మారింది. ఎక్కడైనా నీళ్ళు ఒలికినా, పరుపు తడిసినా 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలన్నది ఫ్రిజ్ మీద కాగితం రాసి అంటించాను.

బీరువాకి గోడకి మధ్య ఇప్పుడు జానెడు సందు ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గాలి తగులుతోంది. మీటరు 61. అమ్మ ఇంకో వారం మా గదిలోనే పడుకుంటుంది. ఇందాక రెండుసార్లు దగ్గింది, తర్వాత నిద్రపట్టింది. వచ్చే ఆదివారం ఆ గోడకి ప్లాస్టిక్ ముక్క మళ్ళీ అతికించి చూడాలి.